డబ్బా మీది పేరు

పోయినవారం అండాలును కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు, చంకలో ఐదేళ్ళ పిల్లతో ఎండలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. అదేం మర్యాద అంటూ చంపాపేట నుంచి ఒక పాఠకురాలు కోపంగానే ఉత్తరం రాశారు. నిజమే. కాని ఆ సోమవారం అండాలును ఎక్కించుకునే బండి ఏదీ లేదు. సకల జనుల సమ్మె మూడో వారంలో పడింది. బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి, షేర్ ఆటోలు కూడా రోడ్డెక్కలేదు. ఆ పొద్దున ఎల్.బి.నగర్ నుంచి కదిలింది ఆర్టీసీ యూనియన్ వాళ్ళ డీసీఎం వ్యాను ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్ సమ్మె శిబిరంలో బతుకమ్మ ఆడటానికని అది ఆడవాళ్ళను ఎక్కించుకుపోయింది. అందులో అండాలు అత్త లచ్చమ్మ కూడా తంగేడు పూల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని వెళ్ళింది. పిల్లకు ఒంట్లో బాగాలేదు, నేను రానని ఇంట్లో ఆగిపోయిన అండాలు, బండి మలుపు తిరిగేదాకా చూసి, అదే దారిన కాలినడకన బయల్దేరింది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు ముక్కలు. అండాలుకు టీబీ. ఏప్రిల్‌లో తేలింది. ఆ సంగతి ఆర్టీసీ డ్రైవరైన మొగుడు సీతారాములుకు తెలియదు, అత్తకూ తెలియదు. చీరలకు ఫాల్స్ కుట్టే పని దొరికిందని చెప్పి, వారానికి మూడు రోజులు దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, డాక్టర్ బాపిరాజు ఎదురుగా కూర్చుని మాత్రలు మింగి వెళుతోంది. ఇంకో ఐదు విడతలు మింగితే మందు పూర్తవుతుంది. ఈలోగా డాక్టరు క్లినిక్ మూసేసి తణుకు వెళ్ళిపోతున్నాడని, సోమవారం మధ్యాహ్నం పన్నెండింటికి కారు వస్తుందని మందుల షాపులో విన్నది. సరిగ్గా ఆ వారమే కూతురు భానుప్రియ దగ్గు పదిహేను రోజులు దాటింది. అసలు ఆ పిల్ల ఉన్నట్టే డాక్టరుకు తెలియదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా అని ఆయన నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ లేరనే చెప్పింది.

చైతన్యపురి దాటేసరికి పిల్ల బరువెక్కింది. నిజానికి పిల్ల బరువు తగ్గింది, చెయ్యే అలిసిపోయింది. రెండో చేతిలో గుడ్డసంచి, అందులో పుట్టింటి నుంచి తమ్ముడు తెచ్చిన సీతాఫలాలు నాలుగు. ఆరు నెలలుగా డాక్టరుకు ఏదైనా ఇవ్వాలని ఆమె కోరిక. ఏమివ్వాలో తోచేది కాదు. తీరా ఇవ్వడానికి నాలుగు పండ్లు దొరికిన రోజున ఇచ్చి దండం పెట్టి వచ్చే భాగ్యం లేకపోయింది. ఇంకో పెద్ద సాయం అడగడానికి పోవలసి వచ్చింది.

చదివేవాళ్ళు తొందరపడి ఏదో ఊహించుకోవద్దు. ఆయనకు యాభై ఎనిమిదేళ్ళు, బట్టతల, చొక్కా జేబు మీద ఎప్పుడూ ఒక సిరా మరక. అండాలుకు ఆయన మీద ఉన్నదానికి ఆమె పేరు పెట్టలేదు, మనమూ పెట్టొద్దు. ఆమెకు కావలసింది ఆ గదిలో గడిపే అరగంట. డాక్టరు మొదట అడిగే మాట జబ్బు గురించి కాదు. పొద్దున్న ఏం తిన్నారమ్మా అంటాడు. తిన్న సార్ అంటే వదిలిపెట్టడు. ఏం కూర, ఎన్ని ముద్దలు, కడుపులో నిలిచిందా అని అడిగి, జవాబు వచ్చేదాకా కలం పక్కన పెట్టి ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చుంటాడు. ఆమె అబద్ధం చెబితే పసిగట్టి, కాంపౌండరు గోపయ్యను పంపి కింద బండి మీద నుంచి రెండు ఇడ్లీలు తెప్పించేవాడు. అవి తిన్నాకే మాత్రలు. స్టెతస్కోపు బిళ్ళను వీపుకు ఆనించే ముందు అరచేతిలో పెట్టుకుని కాసేపు వెచ్చ చేసేవాడు. పుట్టి బుద్ధెరిగాక తనకు చల్లగా తగులుతుందేమోనని ఆలోచించిన మనిషి అండాలుకు ఇంకొకరు తారసపడలేదు.

మంగళవారం నాడు బుధవారం కోసం, గురువారం నాడు శుక్రవారం కోసం ఎదురుచూసేది. శని, ఆదివారాలు రెండూ కలిసి వచ్చేవి గనక భారంగా గడిచేవి. జబ్బు తగ్గుతున్నకొద్దీ ఆమెకు ఒకవైపు సంతోషం, ఇంకోవైపు దిగులు. ఒంట్లో బాగైతే ఇక ఈ గదికి రావడానికి కారణం ఏముంటుందని మనసులో అనుకుని, అలా అనుకున్నందుకు తననే తిట్టుకునేది. ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మొగుడు ఏమే అంటాడు, అత్త కోడలా అంటుంది, బస్తీవాళ్ళకు భాను వాళ్ళమ్మ. ఈ గదిలో ఒక్కచోటే పేరు పెట్టి, పేరు చివర గారు చేర్చి పిలుస్తారు. కాని ఆ పేరు ఆమెది కాదు.

అదీ కథలో అసలు ముడి. టీబీ మందు సర్కారు నుంచి మనిషికొక అట్టడబ్బాగా వస్తుంది. ఆరు నెలల మాత్రలూ అందులోనే. పైన ఆ మనిషి పేరు రాసి బీరువాలో పెడతారు. ఖాళీ అయిన ప్రతి మాత్రల అట్టనూ మళ్ళీ అదే డబ్బాలో వేస్తారు. ఆ డబ్బా ఇంకొకరిది కాదు, ఇంకొకరికి ఇవ్వరు. మొదటిరోజు గోపయ్య కలం పట్టుకుని పేరు చెప్పమన్నప్పుడు అండాలు నోట ‘యాదలక్ష్మి’ అని వచ్చింది.

యాదలక్ష్మి ఆమె ఆడబిడ్డ, సీతారాములు అక్క. నల్లగొండ దగ్గర అత్తగారింట్లో దగ్గు ముదిరితే వాళ్ళు తెచ్చి పుట్టింటి గడపలో దించి వెళ్ళారు. వెనకగదిలో వేరే మంచం, వేరే పళ్ళెం, వేరే గ్లాసు. అప్పటికి కొత్త కోడలైన అండాలు ఆ పళ్ళేన్ని గుమ్మంలో పెట్టి ఇవతలికి వచ్చేసేది. పెట్టమన్నది లచ్చమ్మ. యాదలక్ష్మి పోయి పదకొండేళ్ళయింది. ఆ పళ్ళెం, ఆ గ్లాసు ఊరవతల పారేశారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ పేరు ఎవరూ ఎత్తలేదు. అలాంటి పేరు ఎందుకు చెప్పిందంటే అండాలుకే తెలియదు. ఈ జబ్బు ఆ పేరుకే చెందిందని లోపలెక్కడో అనుకుందేమో.

క్లినిక్ మెట్లు పెద్దరోడ్డు మీదికే దిగుతాయి. రోడ్డుకు అవతలే ఆర్టీసీ వాళ్ళ సమ్మె శిబిరం. అందుకే ఈ మూడు వారాలుగా ఆమె వెనకసందులో నుంచి, ఇనుప తలుపు దారిన వస్తోంది. ఎందుకమ్మా ఇటు అని అడగకుండానే గోపయ్య ఆ తలుపు గడియ తీసి ఉంచేవాడు. ఈ రోజూ తీసే ఉంది.

లోపల సగం గది ఖాళీ అయిపోయింది. గోడ మీద క్యాలెండరు తీసిన చోట తెల్లటి చతురస్రం. పుస్తకాలు సంచుల్లోకి ఎక్కాయి. బీరువా తలుపులు తెరిచి ఉన్నాయి, అడుగు అరలో ఆరేడు డబ్బాలు తాడుతో కట్టి ఉన్నాయి. సర్కారు దవాఖానకు అప్పజెప్పాల్సినవి. అన్నిటికన్నా పైనున్న డబ్బా మీద యాదలక్ష్మి అని గోపయ్య గుండ్రటి చేతిరాత. అండాలు పిల్లను బయట బెంచీ మీద గోపయ్య పక్కన కూర్చోబెట్టి ఒక్కతే లోపలికి వెళ్ళింది.

డాక్టరు ఆమెను చూసి వాచీ చూసుకున్నాడు. పదకొండు దాటింది. ఎలా వచ్చారని అడిగితే నడిచి వచ్చానంది. ఆయన స్టూలు ముందుకు జరిపి, మంచినీళ్ళు ఇచ్చి, ఆమె తాగేదాకా ఆగాడు. తర్వాత తానే చెప్పుకొచ్చాడు. ఉద్యమానికి భయపడి పోతున్నానని వీధిలో అనుకుంటున్నారట, అది నిజం కాదట. వాళ్ళావిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది, తణుకు బదిలీ అయి రెండేళ్ళయింది. తన వంట తాను తినలేక చివరికి ఓడిపోయి పోతున్నాడట. ఇరవై రెండేళ్ళు ఈ రోడ్డు మీదే ఉన్నాను, నన్ను పొమ్మన్నవాళ్ళెవరూ లేరు అన్నాడు. ఆ చివరి మాట దగ్గర కిటికీలోంచి శిబిరం వైపు చూశాడు. నిజం చెప్పాడో, తనకు తాను చెప్పుకున్నాడో అండాలుకు అర్థం కాలేదు.

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని ఆమెకు తెలుసు. చెప్పాక ఈయన ముఖం ఎలా మారుతుందోనని భయం. ఆరు నెలలు తన జవాబు కోసం కలం పక్కన పెట్టి కూర్చున్న మనిషికి తాను ఇచ్చిన జవాబుల్లో సగం అబద్ధాలు.

“నా పేరు యాదలక్ష్మి కాదు సార్,” అంది.

“మే నెలలోనే తెలిసిందమ్మా,” అన్నాడు బాపిరాజు.

ఆమె తలెత్తి చూసింది.

“గోపయ్య ఆ పేరు పిలిస్తే మీరు వెంటనే లేవరు. వేరేవాళ్ళను పిలిచాడేమో అన్నట్టు ఓసారి పక్కకి చూసి, అప్పుడు లేస్తారు. వారానికి మూడుసార్లు చూస్తున్నాను కదా. ఎంత జ్వరంలో ఉన్నా సొంత పేరుకి ఎవరూ అలా చూడరు.”

అడగలేదేమి సార్ అంటే, చెప్పాలనిపించినప్పుడు చెబుతారులే అని ఊరుకున్నానన్నాడు. మందు పేరు చూసి పనిచెయ్యదు గదా అన్నాడు. ఆ తర్వాత కలం తీసి పక్కన పెట్టి, ఏం తిన్నారు అని అడిగేటప్పటి గొంతుతోనే అడిగాడు.

“మీ పేరేంటమ్మా?”

“అండాలు.”

“అండాలు గారూ,” అన్నాడు ఆయన, ఎలా పలుకుతుందో చూసుకున్నట్టు. “బావుందండీ.”

ఆమెకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ దేనికోసం ఎదురుచూసిందో అది దొరికింది, దొరికిన రోజే ఆయన వెళ్ళిపోతున్నాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇక్కడితో ఆగి, సీతాఫలాల సంచి బల్ల మీద పెట్టి, దండం పెట్టి వెళ్ళిపోతే ఎంత బాగుండునో అనిపించింది. బయట బెంచీ మీద పిల్ల దగ్గింది.

“ఇంకొకటి ఉన్నది సార్. నాకు బిడ్డ ఉన్నది. ఐదేండ్లు. పదిహేను రోజుల సంది దగ్గుతున్నది. మాపటీలి ఒళ్ళు కాలుతున్నది.”

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె అంతవరకు ఆయన కోపం చూడలేదు. గొంతు పెంచలేదు గాని, ముఖం నల్లబడింది.

“పేరు మీ ఇష్టం. ఏ పేరైనా పెట్టుకోండి. పిల్ల సంగతి దాచడం మాత్రం మీ ఇష్టం కాదమ్మా. ఏప్రిల్‌లో చెప్పుంటే ఆ వయసు పిల్లకి ముందుగానే మందు ఇచ్చేవాణ్ణి. అందుకే అడిగాను. నాలుగుసార్లు అడిగాను.”

ఆమె దగ్గర ఉన్న జవాబు చిన్నది. పిల్ల ఉందంటే పరీక్ష చెయ్యాలని దవాఖాన మనిషి ఇంటికి వస్తాడు, మనిషి వస్తే అత్తకు తెలుస్తుంది, తెలిస్తే వెనకగది. తానైతే పెద్దది గనక ఎలాగో పడుండేది, పిల్లను కూడా తన నుంచి వేరు చేస్తారని భయపడింది. అదంతా తల వంచుకుని ముక్కలుముక్కలుగా చెప్పింది. వేరే పళ్ళెం గురించి చెప్పింది. ఆ పళ్ళేన్ని గుమ్మంలో పెట్టింది తన చేత్తోనే అని కూడా చెప్పింది. ఆ మాట ఆమె ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బాపిరాజు అంతా విన్నాడు. వినడం ఆయనకు అలవాటే. చివర్న కళ్ళద్దాలు పెట్టుకుంటూ, అబద్ధమని తెలిసి కూడా ఊరుకోవడం నాది తప్పు అన్నాడు. పేరు అబద్ధమైనప్పుడు మిగతావి కూడా అబద్ధం కావచ్చని తట్టాలి కదా అని తనను తానే కోప్పడ్డాడు. ఆమె తప్పులో ఆయన వచ్చి సగం పంచుకోవడం అండాలు భరించలేకపోయింది. తిట్టినా బాగుండేది.

పిల్లను లోపలికి తెచ్చారు. భానుప్రియ డాక్టరును చూసి తల్లి కాళ్ళ వెనక్కు పోయింది. సంచిలో కట్టేసిన స్టెతస్కోపు గోపయ్య మళ్ళీ బయటికి తీశాడు. బాపిరాజు బిళ్ళను అరచేతిలో పెట్టుకుని గుప్పిట మూశాడు. తొందరేమీ లేనట్టు, కారు రావడం లేదన్నట్టు, ఆ గుప్పిట అలాగే ఉంచి పిల్లతో పొద్దున్న ఏం తిన్నావని అడిగాడు. పాలు, బిస్కట్ అంది భానుప్రియ. ఎన్ని బిస్కట్లు అన్నాడు. పిల్ల వేళ్ళు లెక్కపెట్టుకుని మూడు చూపించింది. అప్పుడు బిళ్ళను వీపుకు ఆనించాడు. ఆ చిన్న వీపు మీద ఆయన చెయ్యి ఒక్కోచోట ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఆగుతుంటే అండాలు చూస్తూ నిలబడింది. తన వీపు మీద ఆ చెయ్యి ఆగినప్పుడు ఎన్నడూ ఇంత భయపడలేదు.

ఇప్పుడే ఏమీ తేల్చి చెప్పలేనన్నాడు ఆయన. ఛాతీ ఫోటో తీయించాలి. చేతి మీద సూదితో ఒక పరీక్ష చెయ్యాలి, అది ఇవాళ చేస్తే బుధవారం చూడాలి, అక్కడ ఎంత ఉబ్బిందో కొలవాలి. బుధవారం అన్నాక ఇద్దరి చూపూ కట్టిపెట్టిన సంచుల మీదికి పోయింది. కింద కారు హారను మోగింది.

అండాలు తనకు రావలసింది అయిపోయిందనుకుంది. ఈయన వెళ్ళాలి. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న భార్య ఉంది. వెళ్ళొద్దనే హక్కు తనకు ఏ మూలనా లేదు. ఆ హక్కు ఉంటే బాగుండునని మాత్రం ప్రాణం కొట్టుకుంది. సర్కారు దవాఖాన ఎక్కడని అడగబోయింది.

డాక్టరు కిటికీ దగ్గరకు వెళ్ళి కిందికి వంగి, డ్రైవరును గురువారం రమ్మన్నాడు. గోపయ్య ఒక సంచి ముడి విప్పి, ఇంజెక్షన్ల పెట్టె బయటికి తీయడం మొదలుపెట్టాడు. డాక్టరు ఇలా ఆగిపోవడం గోపయ్యకు కొత్త కాదని అండాలుకు అనిపించింది.

పిల్ల ముంజేతికి సూది వేయడం రెండు నిమిషాల్లో అయిపోయింది. దూదితో అద్దుతూ బాపిరాజు ఆమె వైపు తిరక్కుండానే మాట్లాడాడు.

“నేను మూడు రోజులు ఆగుతాను అండాలు గారూ. మీరు కూడా ఒక పని చెయ్యాలి. పిల్ల పేరున కార్డు రాస్తే తండ్రి పేరు రాయాలి, అసలు అడ్రసు రాయాలి. ఆయన్నీ, మీ అత్తగారినీ కూడా పరీక్ష చెయ్యాలి. ఒకే ఇంట్లో ఒక్కళ్ళకే వైద్యం చేసి లాభం లేదు. మీ ఆయన ఎక్కడుంటారు?”

ఆమె కిటికీలోంచి చెయ్యి చూపించింది. రోడ్డుకు అవతల, షామియానా కింద, రిలే నిరాహార దీక్ష వరుసలో మెడలో బంతిపూల దండతో కూర్చున్న మూడో మనిషి. అతని ముందే ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు.

ఇంటికెళ్ళాక చెబుతానంది. డాక్టరు దూది పక్కన పెట్టి, ఆమె ముఖంలోకి చూస్తూ జవాబు కోసం కూర్చున్నాడు. తిండి సంగతిలో ఆ చూపు ముందు ఆమె అబద్ధం ఎన్నడూ నిలవలేదు. ఇంటికెళ్ళాక చెప్పదని ఆమెకూ తెలుసు.

గోపయ్య తాడు విప్పి పైనున్న డబ్బా తీసి ఇచ్చాడు. నోరు పెగలకపోతే ఇది చూపించండి, అంతా ఇందులోనే ఉంది అన్నాడు బాపిరాజు. పిల్ల తన దగ్గరే ఉంటుందన్నాడు. సీతాఫలాల సంచి చూసి ఇవెవరికి అని అడిగాడు. మీకే సార్ అంటే, ఒకటి తీసి పగలగొట్టి సగం భానుప్రియ చేతిలో పెట్టాడు.

అండాలు ముందుమెట్ల నుంచి దిగింది. ఆర్నెల్ల క్రితం మొదటిరోజు ఎక్కింది ఆ మెట్లే, ఈ మూడు వారాలుగా మాత్రం అటువైపే రాలేదు. బస్సులు లేని రోడ్డు ఇంత వెడల్పని ఆమెకు తెలియదు. దాటుతుంటే ఇద్దరు ముగ్గురు యూనియన్ వాళ్ళు చూసి, సీతారాములు ఇంటామె వచ్చిందని జరిగి దారి ఇచ్చారు. బతుకమ్మ వలయంలో లచ్చమ్మ చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ తిరుగుతోంది. కోడలిని ఇంకా చూడలేదు.

సీతారాములు చూశాడు. అతని ముఖంలో ముందు ఆశ్చర్యం, వెంటనే కంగారు. పిల్ల ఏదని అడిగాడు. ఎల్.బి.నగర్ నుంచి నడిచొచ్చినవా, పిల్లకేమైందని అడిగాడు. అండాలు నోరు తెరిచింది. మాట రాలేదు. డాక్టరుకు ముందే తెలుసు రాదని. కొంగు కింది డబ్బా తీసి అతని చేతుల్లో పెట్టింది.

అతను మూత తెరిచాడు. లోపల ఖాళీ అట్టలు, వరుసగా, ఒకదాని మీద ఒకటి. చివర మాత్రలు మిగిలినది ఒక్క అట్ట. ఏమీ అర్థం కాక మూత మూసి, పైన ఉన్న అక్షరాలు చూశాడు. డ్రైవరు గనక బోర్డులు చదివే అలవాటు, ఏది చదివినా పైకే చదువుతాడు.

“యాదలక్ష్మి.”

పాట నడుస్తూనే ఉంది, కాని వలయంలో ఒక మనిషి ఆగిపోయింది. వెనక తిరుగుతున్నామె వచ్చి తగిలినా లచ్చమ్మ కదల్లేదు. పదకొండేళ్ళ తర్వాత కొడుకు నోట ఆ పేరు. వలయం దాటి, చేతులకంటిన పసుపుతోనే షామియానా కిందికి వచ్చింది. ఎవల పేరు తీసినవురా అని అడిగింది. సీతారాములు డబ్బా చూపించాడు. లచ్చమ్మకు చదువు రాదు. డబ్బా తీసుకుని, మూత తెరిచి, ఒక అట్ట మీద వేలు పెట్టి తడిమింది. ఒక్కో గుంటలో వేలు పెట్టి చూసింది. అన్నీ ఖాళీ.

“గివన్ని ఎవరు మింగిన్రు?”

“నేనే అత్తమ్మా,” అంది అండాలు. “యాదక్కకు ఒచ్చిందే నాకు ఒచ్చింది. ఆ డాక్టర్ సార్ నన్ను బతికిచ్చిండు.”

సీతారాములు దండ తీసి పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కూర్చున్న యూనియన్ వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అండాలు ఎవరినీ చూడలేదు. లచ్చమ్మ వెనక్కి ఎన్ని అడుగులు వేస్తుందా అని ఆమె కాళ్ళవైపే చూస్తూ నిలబడింది. ఆ ఇంట్లో ఆ జబ్బు పేరు వింటే ముందు కాళ్ళే వెనక్కి పోతాయని ఆమెకు తెలుసు. ఎదుటి మెట్ల మీద బాపిరాజు పిల్లను ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల సీతాఫలం తింటోంది.

లచ్చమ్మ కాళ్ళు వెనక్కి పోలేదు. ఆమె మెట్ల వైపు చూసింది, మళ్ళీ చేతిలో ఖాళీ అట్ట వైపు చూసింది. ఏళ్ళ తరబడి కోడలా అని తప్ప పిలవని మనిషి, పసుపు చేత్తో అండాలు మోచెయ్యి పట్టుకుంది.

“దీనికి మందున్నదా బిడ్డా?” అంది. “యాదమ్మ ఉన్నప్పుడు గూడ ఉండెనా?”